షెడ్డు నుంచి ఫోను

మధుబాబుది గూడూరులో సీసీ కెమెరాలు, దొంగల అలారాలు అమ్మే కొట్టు. ఇల్లు మా వీధిలోనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి నేను రిటైరైన మరుసటి ఏడు నా భార్య రేవతి పోయింది. పగలంతా ఒక్కడినే ఇంట్లో ఎలా కూర్చోవాలో తెలియని ఆ రోజుల్లో మధుబాబు వచ్చి, "సార్, మా కొట్లోకొచ్చి కాసేపు కూర్చోండి. ఫ్యానుండాది," అన్నాడు. ఫ్యాను మా ఇంట్లోనూ ఉందని అతనికి తెలుసు. నేను వెళ్లాను. అప్పటి నుంచి అతను బిగించిన అలారాలు ఎక్కడైనా మొండికేస్తే నేనే వెళ్లి చూసి వస్తున్నాను.

మొన్న మే నెలలో ఒక పొద్దున అతను షట్టరు సగమే ఎత్తి నా కోసం కాచుకుని ఉన్నాడు.

"ఉప్పుదిబ్బపాళెం దాకా పోయి రావాల సార్. నేను పోతే కొడతారు. మీకు తెల్లజుట్టుండాది, కొట్టరు."

"ఏం చేశావు?"

"నేనేం చెయ్యలా. మిషను ఏం చేసినాదో తెలియాల."

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుదిబ్బపాళెం వస్తుంది. చేపలవేట మీద బతికే ఊరు. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్లూ పడవలను ఒడ్డుకు లాగేసి, ఇంజన్లు విప్పి, ఒక రేకుల షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. పక్క ఊళ్లలో ఇంజన్ల దొంగతనాలు జరిగాయని పోయినేడు ఆ షెడ్డుకు అలారం పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆ షెడ్డులోనే, ఊరంతా పక్క పాళెంలో పెళ్లికి పోయిన రోజు, పట్టపగలు ఎవరో వెనక తలుపు పెకలిస్తే రెండు ఇంజన్లు పోయాయి. అలారం మోగిన మాట నిజమే. మోగి, అంతలోనే ఆగిపోయింది. దాన్ని ఆపాలంటే షెడ్డు లోపలి మీటల మీద నాలుగంకెలు నొక్కాలి. ఆ అంకెలు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఊరి పెద్దకాపు హజరత్తయ్య. ఆయన ఆ పూట పెళ్లిపందిట్లో ఉన్నాడు, అందరూ చూశారు. రెండోవాడు షెడ్డు కాపలా కాసే ఆదెయ్య.

"మిషను బాగుండాదా లేదా తేల్చమంటా ఉండారు సార్. సాయంత్రం కాపులు కూటం పెడతారంట."

కాపులంటే ఆ ఊరి పెద్దలు. తగవులన్నీ వాళ్ల దగ్గరే తెగుతాయి.

"బాగుంటే?"

"బాగుంటే ఆదెయ్య దొంగ. బాగలేకపోతే నేను దొంగ."

స్కూటరు మీద చిల్లకూరు దగ్గర హైవే దాటి, కోటలో మంచినీళ్లు తాగి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు పట్టుకున్నాను. పాళెం చేరేసరికి ఎండ ముదిరింది. షెడ్డు ముందు తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు నన్ను చూసి ఒక ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి లాగారు. ఒకతను దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, "కాలతా లేదులే, కూర్చోండి సార్," అన్నాడు.

ఆదెయ్య ఎవరో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. డెబ్బై దాటిన మనిషి. చూపు మందగించి సముద్రం మానుకున్నవాడు. పందిరికి దూరంగా, ఒరిగిన పడవ నీడలో ఒక్కడే కూర్చున్నాడు. కూటంలో మాట తేలేదాకా అతనితో ఎవరూ మాట్లాడకూడదని కాపులు దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టడి. అది ఉన్నంతకాలం ఆ మనిషిని పలకరించరు. అతను పలకరిస్తే బదులివ్వరు. తాగడానికి చుక్క నీళ్లివ్వరు. తప్పు తేలితే ఆ కట్టడి చచ్చేదాకా ఉంటుంది. ఇదంతా హజరత్తయ్యే నాకు చెప్పాడు. అరవై ఏళ్ల మనిషి, అలల మీద కేకలు వేసి వేసి గట్టిపడ్డ గొంతు.

"మీరు బయటోళ్లు, మీకు దురాయి లేదు. ఏం అడగాలన్నా అడగండి," అన్నాడు. "మేమే అడగలేం."

నేను ఆదెయ్యను షెడ్డు దగ్గరకు పిలిచాను. అక్కడి నుంచి నాకొక కొత్త పని పడింది.

"సార్, తాళంచెవి యాడ పెట్టినాడో ఆ మనిషిని అడగండి," అన్నాడు పెంచలప్రసాద్. చిన్నకాపు, నలభై లోపు వయసు, కొంచెం నోటి దురుసు. ఆదెయ్య అతనికి అడుగు దూరంలోనే నిలబడి ఉన్నాడు.

"మొలతాట్లో ఉండాదని చెప్పండి సార్," అన్నాడు ఆదెయ్య నా వైపే చూస్తూ. "బుద్ధి తెలిసినప్పటి నించి ఏదిచ్చినా ఆడనే కట్టుకుంటానని గూడా చెప్పండి."

"ఇంజన్లు గూడా ఆడనే కట్టుకున్నాడేమో అడగండి సార్."

"ఆయన నాయనకాడ పదేండ్లు పడవెక్కినానని చెప్పండి. నాయన మంచోడు. మంచితనం ఆయనతోనే పోయినాదని చెప్పండి."

పందిరి కింద ఎవరో నవ్వు ఆపుకున్నారు. దురాయిలో ఉన్నవాడి మాటకు నవ్వడం కూడా తప్పేనేమో నాకు తెలియదు. నేను ఎవరి మాటా మళ్లీ చెప్పలేదు. అందరికీ వినపడుతూనే ఉన్నాయి.

ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న వనజాక్షి రెండు గ్లాసులు తెచ్చి షెడ్డు గడప మీద పెట్టింది. "ఎండలో వచ్చినారు, మీకు రెండు సార్," అని సముద్రం వైపు తిరిగి వెళ్లిపోయింది. ఒకటి నేను తాగాను. రెండోది ఎవరు తాగారో ఆమె చూడలేదు, హజరత్తయ్య కూడా చూడలేదు.

షెడ్డు లోపల గోడకు ప్యానెలు ఉంది. ఒక ఇనుప డబ్బా, అందులో బోర్డు, బ్యాటరీ. ఒక్కో తలుపుకు, దాని ద్వారబంధానికి చెరొక ముక్క అంటించి ఉంటుంది, ఒకటి అయస్కాంతం. అవి విడిపోతే తలుపు తెరిచారని డబ్బాకు తెలుస్తుంది, బయట సైరన్ మోగిస్తుంది. అంతవరకూ పాతకాలపు అలారమే. కూత ఊరు దాటిపోదు. ఎక్కడో ఉన్న మనిషికి కబురు పంపేది డబ్బా పక్కనున్న చిన్న పెట్టె. దాన్ని కమ్యూనికేటరు అంటారు. సెల్‌ఫోనుకు వేసే సిమ్మే దానికీ వేస్తారు. నా ఉద్యోగపు రోజుల్లో ఆ పని ల్యాండ్‌లైను చేసేది. దొంగ వచ్చి ముందు తీగ కోసేవాడు, తర్వాత తీరిగ్గా తాళం పగలగొట్టేవాడు. ఈ పెట్టెకు కొయ్యడానికి తీగ లేదు. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది. ప్యానెలు చెప్పగానే టవరును అందుకుని, తనలో రాసిపెట్టిన నంబర్లకు వరసగా ఫోను చేస్తుంది. ఎత్తితే, మధుబాబు రికార్డు చేసిన గొంతు "ఇంజన్ల షెడ్డు తలుపు తెరిచినారు" అంటుంది. ఎత్తకపోతే తర్వాతి నంబరుకు పోతుంది.

ఇక్కడ మొదటి నంబరు హజరత్తయ్య భార్య కామాక్షమ్మది. మగవాళ్లు ఫోను ఇంట్లో వదిలేసి తిరుగుతారు, ఆమె ఇల్లు షెడ్డుకు పక్కనే. అందుకని అలా పెట్టారు. తర్వాతివి ఇద్దరు కాపులవి.

ఒక్కొక్కటే చూశాను. కరెంటు వస్తోంది. తీసేసినా బ్యాటరీ పట్టుకుంది. సిమ్ము బతికే ఉంది. రేకుల షెడ్డు లోపల సిగ్నలు సరిగా అందదని మధుబాబు యాంటెన్నాను కప్పు మీదకు ఎక్కించాడు. సముద్రం ఒడ్డున ముందుగా పాడయ్యేది అదే. ఉప్పుగాలికి దాని మర పచ్చబడి, పొడి రాలిపోయి ఉంటుందనుకుని నిచ్చెన ఎక్కాను. కొత్తదానిలా ఉంది.

"దినామూ ఎక్కి గుడ్డతో తుడస్తా సార్," అన్నాడు కింద నుంచి ఆదెయ్య. "చమురు గుడ్డ."

నేను కిందికి దిగి పెట్టె నుంచి నా ఫోనుకు ఫోను చేయించాను. మోగింది. మధుబాబు గొంతు స్పష్టంగా వినిపించింది. ఆదెయ్య నా ముఖం చూస్తున్నాడు. అతను అంత శ్రద్ధగా తుడవకపోయి ఉంటే ఆ మిషను ఈపాటికి పాడై అతన్ని కాపాడేది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి," అన్నాను.

"అలారం పెట్టి అన్నానికి పోయినా సార్. పోవచ్చని కాపులే చెప్పినారు. ముద్ద కలపతా ఉండా, కూత మొదులైనాది. ఎంగిలి చేత్తోనే లేచినా. గడప దాటతా ఉండా, ఆగిపోయినాది. ఆపితే ఆపేది పెద్దకాపే గదా. పెళ్లికాడి నించి ఏదో పని మీద వచ్చి తలుపు తీసినాడు, ఆపినాడులే అనుకున్నా. మళ్లా కూర్చోని తిన్నా."

"వచ్చి చూడలేదా?"

"లేదు సార్. నా తప్పు అదొక్కటే." గొంతు తగ్గించాడు. "మిషను చెడిపోయినాదని చెప్పండి సార్. మీకు పుణ్యముంటాది. ఇంజన్లు ఎత్తుకపోయినానంటే గూడా పడతా. నీళ్లకాడికి పోతే మనవరాలు మొకం తిప్పుకుంటా ఉండాది. అది నా వల్ల గాదు."

నేను ప్యానెలు మూత బిగించాను.

ఊళ్లోకి వచ్చిన మనిషికి పెద్దకాపు ఇంట్లోనే అన్నం పెడతారు. కామాక్షమ్మ వరండాలో ఆకు వేసి చేపల పులుసు వడ్డించింది. బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. మడమ వాచి పట్టీ కట్టుకుని ఉంది. ఆ కాలునొప్పి వల్లే పెళ్లికి పోలేదట. ముళ్లు తక్కువున్న ముక్కలే ఏరి నా ఆకులో వేసింది. ఒంటరిగా తినే మగవాళ్లను ఆడవాళ్లు ఎలాగో గుర్తుపడతారు.

అప్పుడే ఆమె ఒళ్లో ఉన్న బటన్ ఫోను మోగింది. ఆమె ఎర్ర మీట నొక్కి కట్ చేసింది. వెంటనే ఆ నంబరుకే తను చేసి, "ఏందే వాణీ, తిన్నావా?" అంది. రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది.

"మా పాప. కావలిలో ఉండాది," అంది నాతో.

"ఆమె చేస్తే ఎత్తొచ్చు కదమ్మా. ఇప్పుడు అందరూ నెలకొకసారి రీఛార్జి వేసుకుంటే చాలు, ఎంతసేపు మాట్లాడినా ఒకటే."

"మా పాప గూడా అదే అంటాది. ఏమో సామీ, ఎదుటోళ్లు చేసిన ఫోనులో మాట్లాడతా ఉంటే వాళ్ల దుడ్లు ఖర్చు పెడతా ఉండినట్టే ఉంటాది నాకు."

రేవతి కూడా అంతే. పనిమనిషి, కూరలామె, ఎవరు చేసినా ఎత్తేది కాదు. కట్ చేసి, తనే చేసేది. వాళ్లకూ అది తెలిసి ఒక్కసారి మోగించి ఊరుకునేవాళ్లు. ముద్ద చేతిలో ఉండగానే నాకు మధుబాబు కొట్లో గోడకు వేలాడే కమ్యూనికేటరు పెట్టెల సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

"అమ్మా, ఇంజన్లు పోయిన రోజు మీకు షెడ్డు నుంచి ఫోను వచ్చిందా?"

"వచ్చినాది. మా ఆయనకు చెప్పినా గదా. కట్ చేసి నేను చేసినా. ఆ పక్క ఎత్తలా, కట్ చేసినాది. ఈలోపు కూత గూడా ఆగిపోయినాది. ఆదెయ్య బావ వచ్చి ఆపినాడులే అనుకున్నా."

"ఆ ఫోను మనిషి చెయ్యడు, మిషను చేస్తుందని మీకు తెలుసు కదా."

"తెలుసు. మిషనైతే మాత్రం, దానికీ సిమ్ముండాది గదా సామీ. ఊరి దుడ్లతో వేసిన సిమ్ము. నాతో మాట్లాడతా బ్యాలెన్సు అంతా అయిపోతే, రేపు దొంగలు పడిన దినం అది ఎవరికి చేస్తాది?"

నేను చెయ్యి కడుక్కుని మధుబాబుకు ఫోను చేశాను.

"ఫోను చేస్తే అలారం ఆగే వసతి ఇక్కడ పెట్టావా?"

"పెట్టినా సార్. అన్నిటికీ పెడతా. బంగారం కొట్లోళ్లకు అదంటే బలే ఇష్టం."

"ఇక్కడ ఎవరికైనా చెప్పావా?"

"చెప్పినట్టు లేదు సార్... అయితే నేనే దొంగనా?"

ఆ వసతి ఇది. పెట్టెలో నంబరు రాసిపెట్టి ఉన్నవాళ్లు దానికి తిరిగి ఫోను చేస్తే అది ఎత్తదు. నంబరు మాత్రం చూసుకుంటుంది. యజమాని ఆపమంటున్నాడని అనుకుని, ఫోను కట్ చేసి, అలారం ఆపేస్తుంది. ఇంట్లో కూర్చుని ఖర్చు లేకుండా కొట్టు అలారం ఆపుకోవచ్చు. ఆ రోజు షెడ్డు వెనక తలుపు పెకలించగానే కూత మొదలైంది. పెట్టె కామాక్షమ్మకు ఫోను చేసింది. ఆమె దాని బ్యాలెన్సు మిగిల్చి తను చేసింది. అది ఆపేసింది. ఇక మిగతా కాపులకు చేసే అవసరం దానికి లేకపోయింది. ఆదెయ్య పెద్దకాపు వచ్చాడనుకున్నాడు. ఆమె ఆదెయ్య వచ్చాడనుకుంది. వచ్చింది దొంగలే.

ఈ మాటలు వరండాలో చెబుతుండగా హజరత్తయ్య వచ్చి నిలబడి మొదటి నుంచీ విన్నాడు. కామాక్షమ్మ ఆకు తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"ఇంకెవరికి చెప్పినారు?" అన్నాడు ఆయన.

"మధుబాబుకు కూడా పూర్తిగా చెప్పలేదు."

ఆయన కూర్చున్నాడు. "మిషను చెడిపోయినాదని చెప్పండి సార్," అన్నాడు. "ఆదెయ్య బయటపడతాడు. మీ మధుబాబు జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటా. ఈమె పేరు మాత్రం కూటంలో వద్దు."

"తెలియక చేసిన పని. ఆమెను ఎవరేమంటారు?"

"ఆమెను గాదు. నన్నంటారు. దురాయి వేసినోడి ఇంట్లోనే తప్పుండాది, ఇంకొకడి నోరు కట్టేసినాడు అంటారు. రేపు నా మాట ఎవరు వింటారు?"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మిషను మీద నెట్టేస్తే అందరూ బతుకుతారని నాకూ ఒక క్షణం అనిపించింది. కానీ మిషను చెడిపోయిందంటే, అది చెడిపోయిందని ముందుగా తెలిసేది ఎవరికి? రోజూ నిచ్చెన ఎక్కి తుడిచేవాడికి. అప్పుడూ అనుమానం ఆదెయ్య మీదే పడుతుంది. ఆ మాట ఆయనతో అన్నాను.

"మరేం చేస్తారు?"

"అందరి ముందూ తలుపు తెరుస్తాను. అమ్మగారికి ఫోను వస్తుంది. జరిగేది అందరూ చూస్తారు."

"ఈమె ఎత్తితే?"

"ఎత్తితే కూత ఆగదు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఆకు తీసుకుని లోపలికి వెళ్లింది. ఎత్తితే ఆదెయ్య దొంగగా మిగిలిపోతాడని ముగ్గురికీ తెలుసు. అప్పుడు నేను నోరు విప్పుతానా, ఊరుకుంటానా అన్నది నాకే తేలలేదు. పెద్దకాపు ఇంటి అన్నం తిని, ఆయన భార్య పేరు కూటంలో ఎత్తడం నాకు అంత తేలిక కాదు.

ఎండ వాలాక సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. మగవాళ్లు పందిరి కింద చేరారు. ఆడవాళ్లు ఆ కూటంలో కూర్చోరు, మాట్లాడరు. టీ కొట్టు దగ్గర, గోడల పక్కన నిలబడ్డారు. కామాక్షమ్మ తన ఇంటి మెట్టు మీద కూర్చుంది. వాచిన కాలు చాపుకుంది, ఫోను ఒళ్లో ఉంది. ఆదెయ్య పడవ దగ్గరే నిలబడ్డాడు.

"మిషను బాగుండాదా, లేదా? ఒక మాటలో చెప్పండి సార్," అన్నాడు పెంచలప్రసాద్.

"బాగుంది."

పందిరంతా ఆదెయ్య వైపు తిరిగింది. అతను తల వంచలేదు. పడవ అంచు పట్టుకున్నాడు.

"ఒకసారి మోగించి చూపిస్తాను. నా చేతులు చూస్తూ ఉండండి," అని తలుపు తెరిచాను.

ఆ కూత దగ్గర నుంచి వింటే పళ్లు జివ్వుమంటాయి. కుక్కలు మొరిగాయి. నేను గడప బయటే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. కామాక్షమ్మ ఒళ్లో ఫోను వెలిగింది. మోగుతోందో లేదో ఆ గోలలో ఎవరికీ వినపడదు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. హజరత్తయ్య సముద్రం వైపు చూస్తున్నాడు. ఆమె ఒకసారి భర్తను చూసింది, ఒకసారి పడవ వైపు చూసింది. తర్వాత ఫోను కట్ చేసింది. కూత అలాగే ఉంది. ఆమె తొందరపడకుండా మీటలు నొక్కి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

కూత ఆగిపోయింది. అలల చప్పుడు మళ్లీ వినిపించింది.

"ఎవరు ఆపినారు?" పెంచలప్రసాద్ షెడ్డులోకి తొంగిచూశాడు. లోపల ఎవరూ లేరు. నా చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

"నేను ఆపినా," అంది కామాక్షమ్మ మెట్టు మీద నుంచే. గొంతు పెద్దగా లేదు గానీ అందరికీ వినపడింది. "ఆ దినం గూడా నేనే. దాని ఫోను కట్ చేసి నేను చేస్తే ఆగిపోతాదంట. నాకు తెలవదు. ఆదెయ్య బావ యాడికీ రాలా, ఏదీ నొక్కలా."

ఒక ఆడమనిషి కూటంలో మాట్లాడినందుకు ఎవరూ ఏమీ అనలేదు. అనే సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

పెంచలప్రసాద్ నమ్మలేదు. "నా నంబరు గూడా దాంట్లో ఉండాది గదా? మళ్లా మోగించండి," అన్నాడు. మళ్లీ మోగించాను. అతను తన ఫోను నుంచి చేశాడు. ఆగింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ ఆగింది. నాలుగోసారి అడిగితే హజరత్తయ్య కసురుకున్నాడు.

"చాల్లేరా! కుక్కలు చచ్చేటట్టుండాయి." ఆయన లేచి నిలబడ్డాడు. "ఆదెయ్య మీద దురాయి తీసేస్తా ఉండాం. తప్పు మా ఇంట్లోది. దురాయి వెయ్యాల్సింది మా ఇంటి మీద. మిగతా కాపులు ఏమంటే అది."

పెంచలప్రసాద్ మెడ గోక్కున్నాడు.

"ఫోను కట్ చేసినందుకు దురాయంటే ఈ పాళెంలో ఒక్కరు మిగలరు పెద్దకాపా. మా అత్త ఈ జన్మలో నా ఫోను ఎత్తలా. నేనెప్పుడు చేసినా కట్ చేసి, మా ఇంటామెకు చేస్తాది."

"నీతో మాట్లాడాల్సి వస్తాదని," అంది గోడ పక్క నుంచి వనజాక్షి. ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేదు.

దొంగలెవరో మాత్రం తేలలేదు. ఇంజన్లు ఇప్పటికీ దొరకలేదు. పోలీసు కంప్లయింటు ఇద్దామని ఎవరో అంటే, ఇద్దాం అన్నారు. నేను లోపలికి వెళ్లి ఆ వసతిని తీసేశాను. ఇక ఎవరు ఫోను చేసినా పెట్టె అలారం ఆపదు. లోపల మీటల మీద అంకెలు నొక్కాల్సిందే.

బయటికి వచ్చేసరికి ఆదెయ్య పడవ దగ్గర నుంచి నడిచి వచ్చి మధ్యలో నిలబడ్డాడు. దురాయి తీసేశాక అతనితో మొదటి మాట ఎవరు మాట్లాడాలో ఎవరికీ తెలియనట్టుంది. హజరత్తయ్యే, "ఆదెయ్యా, కూర్చో," అన్నాడు.

"కూర్చోను," అన్నాడు ఆదెయ్య. "నిలబడే తిడతా."

మొదలుపెట్టాడు. వాళ్ల పడవలు అలల్లో బోల్తాపడితే తాడు పట్టుకుని ఎవరెవరిని లాగాడో పేరుపేరునా చెప్పాడు. పెంచలప్రసాద్ మొదటిసారి సముద్రంలోకి వచ్చినప్పుడు ఎన్ని వాంతులు చేసుకున్నాడో, అవి ఎవరి మీద చేసుకున్నాడో చెప్పాడు. పెద్దకాపు పెళ్లినాడు వేసుకున్న చొక్కా ఎవరిదో కూడా చెప్పాడు. అన్నాళ్లూ బదులు రాని మాటలన్నీ లోపల పేరుకున్నట్టున్నాయి. తలొంచుకుని విన్నవాళ్లు విన్నారు, మధ్యలో వల ముడి వేసుకుంటూ విన్నవాళ్లు విన్నారు. చివరికి మెట్టు వైపు తిరిగాడు.

"నువ్వు గూడా కామాక్షమ్మా! షెడ్డు నీ ఇంటి పక్కనే గదా. ఫోను కట్ చేసి ఫోను చేసేదానివి, ఆడ నించి ఒక కేక పెడితే పోలా? ఆదెయ్య బావా అంటే నాకు వినపడదా?"

"నిజమే బావా," అంది ఆమె. "తోచలా."

"తోచలా అంట," అన్నాడు ఆదెయ్య పందిరి వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను సామాను సర్దుకుని స్కూటరు తీసేదాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. ఎవరూ లేచిపోలేదు.